ఒంటిచేత్తో ఏటికి వెళ్ళిన చిన్నాయన

మా చిన్నాయన పోయాడని మొన్న ప్రొద్దుటూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పొద్దున్నే కాఫీ తాగి ఇంగొంచెం పొయ్యమన్యాడంట. లోపలికి పోయి తెచ్చే లోపల అయిపోయిండాది" అన్నాడు. తొంభైకి దగ్గరపడిన మనిషి, సుఖంగా పోయాడు, ఏడవకూడదన్నారు చుట్టాలు. ఆయన తొంభై ఏళ్ళు బతుకుతాడని ఒకప్పుడు మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఆ రోజులు తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎంతోకాలం కాలేదు. చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, ఒక పత్తి మిల్లులో పనిచేసేవాడు. వీధి మొగదల ఉండగానే ఆయన నవ్వు మా ఇంట్లోకి వినిపించేది. ఒకరోజు మిషను బెల్టు ఆయన ఎడమచేతిని లాక్కుంది. మోచేతి కిందికి తీసేశారు. పెళ్ళిమాటలు నడుస్తున్న మనిషి. ఆ సంబంధంవాళ్ళు మళ్ళీ మా గడప తొక్కలేదు. చిన్నాయన మంచాన్ని గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

ఏడాది తిరిగింది. చలి తగ్గి, ఎండలు ఇంకా ముదరని రోజులు. ఉన్నట్టుండి లేచి వచ్చి మా నాయనను, "నా సైకిలు యాడుందిన్నా?" అని అడిగాడు. గండికోట కింద పెన్నేట్లో మడుగులు తేలి ఉంటాయి, గుడారం వేసుకుని, గాలంతో చేపలు పట్టుకుంటూ కొన్నాళ్ళు ఉండి వస్తానన్నాడు. ఒక్కడే వెళ్తాడట.

గండికోట చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. కోట వెనక అంచున నిలబడితే ఏరు ఎక్కడో పాతాళంలో కనిపిస్తుంది. ఏడాదిగా గోడను చూస్తూ పడుకున్న మనిషి అక్కడికి ఒంటరిగా వెళ్తానంటే మా అందరికీ వచ్చిన ఆలోచన ఒకటే. దాన్ని పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు.

చివరికి మా జేజే, నాయన వాళ్ళ అమ్మ, నోరు విప్పింది. "తోడుకు ఎవర్నన్నా పిల్చుకపోరా."

"తోడొచ్చినోళ్ళే అంతా చేస్తారు మా. నేను చూస్తా కూచోవాల. ఏడాదిగా జరుగుతాండేది అదే కదా" అన్నాడు చిన్నాయన.

మరుసటి రోజు నుంచి పెరడంతా ఆయనదే. గోనెపట్టలు కత్తిరించి, బట్టను కాలి కింద తొక్కిపెట్టి, దబ్బనంతో గుడారం కుట్టాడు. వెదురుకర్ర మొదలును ఎడమ చంకలో ఇరికించుకుని, దారం చివర ఇటుకముక్క కట్టి, దాన్ని లాగడం అలవాటు చేసుకున్నాడు. గాలానికి ముడి పళ్ళతో వేసేవాడు. ఒకసారి కొక్కెం గుచ్చుకుని పెదవి చిట్లింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. చూడలేక దారం అందుకోబోయాను. "ముట్టుకోవద్దు పాపా" అన్నాడు. కోపంగా కాదు, బతిమాలినట్టు. ఆ ముడి పడేసరికి ఎండ గోడ దిగిపోయింది. అప్పుడు నా వైపు చూసి, "రెండు చేతులుండేవాళ్ళకు తొందరెక్కువ. నాకా పీడ పోయింది" అన్నాడు. అది నవ్వో కాదో నాకు తెలియలేదు.

బయలుదేరే రోజు ఉదయం జొన్నరొట్టెలు, ఊరిమిండి పచ్చడి, కొర్రబియ్యం, లాంతరు అన్నీ సైకిలుకు కట్టాడు. గుడారానికి తాడు కావాలి. దండెం మీద వేలాడే తాడు కనిపించలేదు.

"తాడు యాడుంది మా?"

జేజి పొయ్యి ఊదుతున్నట్టు తల వంచుకుంది. మా నాయన గడపలో నిలబడి చెప్పులు చూసుకుంటున్నాడు. చిన్నాయన ఒకరి తర్వాత ఒకరిని మమ్మల్ని చూశాడు. ఆయనకు అర్థమైపోయింది. జేజి దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుని, "మా, నేను చేపలకే పోతాండా" అన్నాడు. జేజి కొంగు నోట్లో కుక్కుకుంది. తాడు మాత్రం తేలేదు. చిన్నాయన పాత చీర ఒకటి అడిగి తీసుకుని, దాన్నే పీలికలు చేసి పేనుకుని, ఒంటిచేత్తో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

చేపలకేనన్న ఆ మాట మా నాయనకు చాలలేదు. మధ్యాహ్నం బస్సుకు నన్ను వెంటబెట్టుకుని, మా అమ్మ పుట్టిల్లు చూసి వస్తామని జమ్మలమడుగు బయలుదేరాడు. మరునాడు పొద్దున్నే అక్కడి నుంచి గండికోటకు బండి కట్టించాడు. కోట అంచుకు చేరగానే బండలు పట్టుకుని, పాకుతూ వెళ్ళి కిందికి చూశాడు.

ఇసుకలో చిన్న గుడారం. దాని పక్కన సన్నగా పొగ. మడుగు ఒడ్డున బండ మీద చిన్నాయన కూచుని ఉన్నాడు. నాయన అక్కడే చతికిలబడి తుండుతో ముఖం కప్పుకున్నాడు.

ఇక వెళ్దామని లేవబోతూ ఉండగా కింద కర్ర విల్లులా వంగింది. చిన్నాయన లేచాడు. చేప పెద్దదై ఉండాలి, ఆయన్ను బండ అంచుదాకా ఈడ్చింది. చంకలో కర్ర, చేతిలో దారం. కాలు జారింది. మడుగులో పడ్డాడు.

నాయన తమ్ముణ్ణి పేరు పెట్టి అరిచాడు. మళ్ళీ మళ్ళీ అరిచాడు. నీళ్ళ మీద కర్ర ఒక్కటే తిరుగుతోంది. అప్పుడు, బండకు అవతలి పక్క, నడుములోతు నీళ్ళలో చిన్నాయన లేచాడు. తెగిన చేతిని, ఉన్న చేతిని కలిపి ఒక కొరమీనును గుండెకు అదుముకుని ఉన్నాడు. అది తోకతో ఆయన ముఖం మీద కొడుతోంది. ఆయన వదల్లేదు.

నాయన కిందికి దిగే దారి పట్టాడు. నేను చొక్కా పట్టుకుని ఆపాను. "వద్దు నాయనా. నువ్వు పోతే ఆయన ఒక్కడే పట్టింది లేకుండా పోతాది." నాయన నా చేతిని విదిలించుకోబోయి, ఆగాడు. మేము కనపడకుండా వెనక్కి వచ్చేశాం.

చిన్నాయన చెప్పిన రోజుకే తిరిగొచ్చాడు. ఉప్పు పట్టించిన చేపలు జేజి ముందు పెట్టి, నీళ్ళలో పడిన సంగతి తానే నవ్వుతూ చెప్పాడు.

"భయం కాలేదా?" అన్నాడు నాయన, ఏమీ తెలియనట్టు.

"అయిందిన్నా. నాకు చావంటే శానా భయమని మునిగినాకనే తెలిసింది."

నాయన లేచి, ముఖం కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళాడు.

ఆ తర్వాత చిన్నాయన మళ్ళీ పనిలో చేరాడు, పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని పెంచాడు. చొక్కా గుండీలు చివరిదాకా ఎవరినీ పెట్టనివ్వలేదు. చెనిక్కాయలు ఒంటిచేత్తో ఒలిచి పిల్లలకు పంచేవాడు, తనకు మిగుల్చుకునేవాడు కాదు. మా నాయన చనిపోయిన ఏడాది చిన్నాయన నాతో అన్నాడు: "పాపా, ఆ పొద్దు మీ నాయన అరుపు నాకు వినపడింది. ఆ లోయలో ఒక్క కేక ఏస్తే ఎంతసేపు తిరుగుతాదో నీకు తెలుసు కదా. నేను తలెత్తి చూసింటే దిగొస్తాండె. అందుకే చూడలా."

ఆ మడుగులు ఇప్పుడు రిజర్వాయరు నీళ్ళ కింద ఉన్నాయి. నాకు గుర్తున్నది మాత్రం చిన్నాయన ఒంటరిగా వెళ్ళొచ్చిన మరుసటి ఏడు. మళ్ళీ అవే రోజుల్లో చిన్నాయన మా నాయనను తనతో తీసుకుపోయాడు. నేను సంగటి మూట పట్టుకుని ఆ రాళ్ళదారిలో దిగాను. నాయన బండ మీద గాలం కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, కూచున్నవాడు కూచున్నట్టే నిద్రపోతున్నాడు. చిన్నాయన పక్కనే నిలబడి తుండును ఆయన తల మీద నీడగా పట్టుకుని ఉన్నాడు. నాయన గాలానికి కట్టిన బెండు కదిలింది, బుడుంగున మునిగింది. చిన్నాయన దాన్ని చూశాడు. నన్ను చూసి, పిలవొద్దన్నట్టు తల ఊపాడు. ఉన్న ఒక్క చెయ్యి తుండును నీడగా పట్టుకుని ఉంది. చేపను పోనిచ్చాడు.