ప్లాంటు నీళ్ళతో నొప్పి బిళ్ళ

మా పెద్దారవీడు వైపు మోకాళ్ళ నొప్పులంటే ఎవరూ కారణం అడగరు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది, అంతే. ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి కిడ్నీలు పోయినప్పుడు కూడా నీళ్ళనే తిట్టుకున్నాం. అప్పటినుంచి మా నాయన బోరు నీళ్ళు నోట పెట్టలేదు. పొలానికి పోయినా ప్లాంటు నీళ్ళ క్యాను బండికి కట్టుకునేవాడు. చుట్టాలింట్లో గ్లాసు ముట్టక వాళ్ళ మొహాలు చిన్నబోయేలా చేసేవాడు.

"కిడ్నీలు పోతే ఎవడు తెచ్చిస్తాడ్రా?" అనేవాడు. ఆ జాగ్రత్త చూస్తే నాకు ముచ్చటేసేది.

ఆ నీళ్ళతోనే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నొప్పి బిళ్ళ మింగేవాడు. మిరపకాయ కోతలప్పుడు ఇంకా ఎక్కువ. చిల్లర దుకాణంలో బీడీ కట్టల పక్కనే దొరికే బిళ్ళలవి. కూలీలకు టీతో పాటు మేమే పంచేవాళ్ళం. వాటిని మందుల కింద ఎవరూ లెక్కేయలేదు.

మొన్న వేసవిలో ఆయన కాళ్ళు వాచాయి, అన్నం సయించలేదు. మార్కాపురం తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువుందన్నారు.

"మాత్రలేమైనా వాడుతున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏం లేవమ్మా. బీపీ లేదు, షుగర్ లేదు. నీళ్ళు గూడా ప్లాంటువే తాగుతా."

"మరి మోకాళ్ళ నొప్పికి?"

"దానికి మందెందుకమ్మా? రెండు బిళ్ళలేసుకుంటే పోతాది."

ఆమె పెన్ను కింద పెట్టింది. ఆ బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయని, ఇప్పటికైనా మానేస్తే మిగిలినంత కాపాడుకోవచ్చని చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదని అరవాలో తెలియలేదు.

నాయన మాట విన్నాడు. బిళ్ళలు మానేసి, మూలుగుతూ, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. తర్వాతి పరీక్షలో అంకె పెరగలేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఓ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి, నాయన మిగిల్చిన అట్టలోంచి బిళ్ళ తీసి అమ్మ నోట్లో వేసుకుంటోంది. గట్టిగా అరిచాను.

"ఏందిరా ఆ అరుపు? వద్దన్నది మీ నాయనకు గదా," అంది. "నాకు మోకాళ్ళు లేవా?"

ఎన్నాళ్ళనుంచని అడిగాను.

"మీ నాయన మొదలుపెట్టినకాడ్నుంచీ."

అప్పుడు చూశాను ఆమె పాదాలు. వాచిన వేళ్ళలోకి మెట్టెలు దిగబడి ఉన్నాయి. నాకు భయమేసింది.

మర్నాడు పొద్దున్నే మార్కాపురం ఆసుపత్రికని అమ్మను బండెక్కించుకున్నాను. నాయన కర్ర ఊనుకుంటూ వచ్చి ఆమె చేతికి నీళ్ళ బాటిల్ ఇచ్చాడు.

"బయట నీళ్ళు తాగొద్దు," అన్నాడు.