మా గుర్తు కథకెక్కిన వైనం

ఆ రోజుల్లో నన్ను చదువుకోవద్దని ఎవరూ అనలేదు. కాకపోతే మా ఊళ్లో బడి గంట కొట్టే వేళా, పడవలు ఒడ్డుకొచ్చే వేళా ఒకటే. పలక రేపటిదాకా ఆగుతుంది, చేప ఆగదు. అందుకని తొమ్మిదేళ్లకే నెత్తిన గంప పెట్టుకుని అమ్మ వెంట శ్రీకాకుళం బస్సెక్కాను. (బోర్డు చదవడం రాకపోయినా ఎప్పుడూ బస్సు తప్పలేదు. వాసన తగలగానే కండక్టరే మమ్మల్ని వెనక తలుపు దగ్గరికి తోలేవాడు.) తర్వాత పెళ్లి, పిల్లలు, మళ్లీ గంప. యాభై దాటాక, సర్కారు వేట ఆపించే రెండు నెలల్లో ఊరికే కూర్చోలేక నేను అందరి ప్రాణాలూ తీస్తుంటే, మా కోడలు తన ప్రాణం కాపాడుకోవడానికి నాకు అక్షరాలు నేర్పింది. నేను దిద్దింది పలక మీద కాదు, ఫోను మీద.

అక్షరాలు వచ్చాక ఊరుకుంటానా? కథ మొదలుపెట్టాను. అత్తతో గొడవపడి పుట్టింటికి వెళ్లిపోయిన ఒక కోడలి కథ. (మా కోడలు చదివి, "ఇది నేనేనా?" అంది. "నువ్వు కాదు, నేను" అన్నాను.) తనే ఒక కథల యాప్‌లో నాకు ఖాతా తెరిచింది. ఫొటో పెట్టమంటే నా గంప ఫొటో పెట్టాను. ఏ సంపాదకుడినీ బతిమాలక్కర్లేదు, ఎవరికీ పోస్టు చెయ్యక్కర్లేదు. ప్రచురించు అన్నచోట వేలు పెడితే చాలు. చేపపొలుసు అంటిన వేలితోనే నొక్కి మొదటి భాగం పంపాను. ఒడ్డున మాత్రం ఒకటే ఎగతాళి. "గంపెత్తేది కథలు రాస్తే సదవడానికి ఎవుడున్నాడు? సేపలే సదవాల" అనేవారు.

ఇక్కడ మా ఇంటి గుట్టొకటి చెప్పాలి. సముద్రం అడుగున రాళ్లున్నచోట చేప బాగా పడుతుంది. ఆ చోటు కనుక్కోవడానికి ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు ఉంటుంది, ఒడ్డున ఏ మెట్ట వెనక ఏ చెట్టు ఎలా కనిపించాలో అని. (ఇప్పుడు ఫోనే చూపిస్తుంది గానీ, మా ఆయన తన బుర్రనే నమ్ముతాడు.) మగవాళ్లకేమైనా అయితే గుర్తు పోకూడదని, కొత్తగా వచ్చిన కోడలి చెవిలో అత్త దాన్ని చెబుతుంది. మా అత్త నాకలాగే చెప్పింది. నేనేమో అది కథలో పెట్టేశాను! కథానాయకుడు వలెయ్యాలంటే ఎక్కడో ఒకచోట వెయ్యాలి కదా. ఎర్రమెట్ట వెనక జంట తాడిచెట్లు ఒక్కటైపోయి కనబడేచోట వేయించాను. అబద్ధం రాయడం అప్పటికి నాకింకా చేతకాదు.

నాలుగు రోజుల తర్వాత మా ఆయన సగం ఖాళీ వలతో ఇంటికొచ్చాడు.

"ఏటే, మన రాళ్ల మీద నా కంటే ముందు ఐదు పడవలున్నాయి! మా అయ్య సెప్పిన గుర్తు నానెవుడికీ సెప్పలేదు. నువ్వు గాని నోరు జారినావేటి?"

"నోరు జారలేదు మావా. కథలో రాసినాను."

ఆయన తలగుడ్డ తీసి నేలకేసి కొట్టాడు. "తీసీ. ఆ కథ తీసీ. మల్లీ ఫోను ముట్టుకున్నావంటే సముద్రంలోకి ఇసిరేస్తాను."

మధ్యాహ్నం దాకా గడువడిగి ఒడ్డుకు పరుగెత్తాను. ఆ ఐదు పడవలవాళ్లూ వలలు దులుపుకుంటున్నారు.

"ఒరే, మా గుర్తు మీకెవుడు సెప్పినాడర్రా?"

"ఎవుడో సెప్పాలేటి వదినా? ఫోనే సూపించింది" అన్నాడు మా రేడియో మరిది. (ఊళ్లో వార్తలన్నీ అతని నోట్లోనే పుడతాయి.)

"అయితే నా కథ సదవలేదా?"

"ఓలమ్మో! నీ కథలు సదవడానికి మాకు పనీపాటా లేదేటి?"

ఐదు తలలూ వలల్లోకి వంగిపోయాయి. ఇక చేసేదేం లేక వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశానో లేదో, రేడియో మరిది గొంతు తగ్గించి పిలిచాడు.

"వదినా... ఆ కోడలు పుట్టింటి నుంచి మల్లీ వస్తాదా, రాదా? మా ఆడది ఒకటే గోల పెడతన్నాది."

"రాకపోతే నానూరుకోను అప్పా" అన్నాడు పక్కపడవ వాడు.

"సదవలేదన్నారు గదరా!"

రేడియో మరిది నాలిక్కరుచుకున్నాడు. ముందు నేను నవ్వాను, తర్వాత ఒడ్డంతా నవ్వింది. ఇంకొకరి గుర్తు మీద వల వేస్తే ఆ ఇంటికి కూరచేప పంపాలన్నది మా కట్టుబాటు. పంపితే చదివినట్టు ఒప్పుకోవాలి, పంపకపోతే దొంగలవుతారు. మధ్యాహ్నానికి ఐదు ఇళ్ల నుంచీ గులివింద చేపలొచ్చాయి.

మా ఆయన వాటిని ఇంటింటి లెక్కన లెక్కపెట్టాడు. "ఊరంతా సదివీసినాదా?"

"సదివీసింది మావా."

"అయితే నానొక్కణ్నే ఎనకబడిపోనాను. యినిపించు."

చదివాను. కోడలు ఇల్లు వదిలినచోట తల తిప్పుకుని చుట్ట వెలిగించాడు. గుర్తు దగ్గరికి రాగానే ఆపమన్నాడు. "మెట్ట బాగా రాసినావు గాని, గాలి సంగతి రాయలేదే. తూరుపుగాలి కొడితే అక్కడ వల సిరిగిపోతాది." చుట్ట దులిపి, "అది మాత్రం రాయకు" అన్నాడు.

"మరి కథ తీసెయ్యమన్నావు?"

"తీసీస్తే ఆ పిల్ల పుట్టింట్లోనే ఉండిపోద్ది గదే!"

ఇప్పటికి చాలా కథలు రాశాను. అబద్ధాలు కూడా బాగానే అల్లుతున్నాను. కానీ తెలిసిన నిజమంతా దాచకుండా లోకానికి పంచిపెట్టేసిన ఆనాటి పిచ్చిదాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం బెంగ కూడా. అంత ధైర్యంగా మళ్లీ రాయలేకపోయాను.

ఆ కూరచేపలొచ్చిన మర్నాడు పొద్దున్నే గంప పక్కన పెట్టి, పడవలు రాకముందే రెండో భాగం పూర్తిచేశాను. కోడల్ని ఇంటికి తీసుకొచ్చాను. ప్రచురించే ముందు కథ నెత్తిన ఒక్క ముక్క చేర్చాను: "ఇందులో మనుషులంతా నిజం. మెట్టలూ, తాడిచెట్లూ మాత్రం కేవలం కల్పితం."