పైడయ్యకు వినబడని ఆర్డరు

1946 ఎండాకాలం. యుద్ధం ముగిసి ఏడాది కావస్తోంది. బిలాస్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో నేను సిస్టరుగా చేరి అప్పటికి పదిహేడేళ్లు. “కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి ఈ కట్లు కట్టే పనేటి?” అని విజయనగరం నుంచి వచ్చిన ప్రతి చుట్టమూ అడిగేవాడు. చదువుకున్నవాళ్లు కట్టు కడితే పుండు మానదా అని నేనూ ప్రతిసారీ అడిగేదాన్ని. ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ ఏడు మా ఆసుపత్రికి వచ్చినవాళ్లలో రోగులకంటే ఆరోగ్యవంతులే ఎక్కువ. యుద్ధకాలంలో రైల్వే తన మనుషుల్ని సైన్యానికి పంపింది. వాళ్లు తిరిగొచ్చి పాత పనుల్లో చేరాలంటే మెడికల్ పాస్ కావాలి. అందులో కేటగిరీలుంటాయి. ఇంజను మీద పనిచేసేవాళ్లకు ‘ఏ’ కేటగిరీ, అంటే కన్నూ చెవీ రెండూ నిక్కచ్చిగా ఉండాలి. సి కేటగిరీ అంటే గోడౌనూ, ఆఫీసూ, కదిలే బండికి దూరంగా ఉండే ఏ పనైనా. కాగితం మీద అది ఒక్క అక్షరం తేడా. మా క్వార్టర్లలో మాత్రం ‘ఏ’ నుంచి ‘సి’కి దిగినవాడి పెళ్లాం కుళాయి దగ్గర వెనక వరసలో నిలబడవలసి వచ్చేది.

చెవి పరీక్షను వాయిస్ టెస్ట్ అంటారు. మనిషిని గోడవైపు తిప్పి నిలబెడతాం. ఒక చెవి వేలితో మూసుకోమంటాం. ఇరవై అడుగుల దూరం నుంచి గుసగుసగా మాటలు చెబుతాం, అతను వాటిని తిరిగి చెప్పాలి. మనిషి మనిషికీ మాటలు మార్చాలని నియమం. నేను మార్చేదాన్ని కాదు. కుడి చెవికి రాయగఢ్ వైపు స్టేషన్లు: అకల్తరా, నైలా, చాంపా, బారాద్వార్, శక్తి. ఎడమ చెవికి కట్నీ వైపు: కర్గీ రోడ్, ఖోంగ్‌సరా, ఖోడ్రి, పెండ్రా రోడ్. చదువు రానివాడికి కూడా నోరు తిరిగే పేర్లు కదా అని నా వాదన. అదొక తెలివైన ఏర్పాటని లోపల కాస్త గర్వం కూడా ఉండేది. రైల్వే మనిషికి ఆ వరస నిద్రలో కూడా వస్తుందన్న సంగతి పదిహేడేళ్లలో ఒక్కసారీ నాకు తట్టలేదు.

పైడయ్య అలా వచ్చినవాడే. ముప్పై ఐదేళ్లుంటాయి, ఫైర్‌మేన్, అంటే ఇంజనులో బొగ్గు వేసేవాడు. తండ్రిది శ్రీకాకుళం వైపు పల్లె, పైడయ్య పుట్టిందీ పెరిగిందీ ఇక్కడి షెడ్డు పొగలోనే. అతని వెంట ఒక ఉత్తరం వచ్చింది. అస్సాం కొండల దగ్గర ఒక యార్డు మీద బాంబులు పడుతుంటే ఇతను ఇంజను వదలలేదనీ, పెట్రోలు వేగన్లను ఒంటరిగా బయటికి లాక్కెళ్లాడనీ, వీరుడనీ పై అధికారి ఇంగ్లీషులో రాశాడు. దాన్ని నేను రెండుసార్లు చదివాను. చదివాక నిలబడే మాట్లాడాను అతనితో.

పరీక్ష బాగానే జరుగుతోంది. ‘అకల్తరా’ అన్నాను, అతనూ అన్నాడు. అంతలో ఆయా తలుపు దగ్గరకొచ్చి ఏదో అడిగింది. తనకు జవాబు చెప్పి తిరిగి, నైలా వదిలేసి, ‘చాంపా’ అన్నాను.

“నైలా” అన్నాడు పైడయ్య.

నా పెన్సిలు ఆగింది. నేనే నైలా అన్నానేమో అనుకున్నాను అని రాస్తే మర్యాదగా ఉంటుంది గాని, అది అబద్ధం. అలా అనుకుందామని నిర్ణయించుకున్నాను. బల్లమీద ఆ ఉత్తరం ఉంది. బాంబుల కింద నిలబడ్డవాడికి ఒక స్టేషను పేరు దగ్గర అడ్డం పడనా? టిక్కు పెట్టాను. డాక్టరుగారు నా టిక్కులు చూసి సంతకం పెట్టారు. ‘ఏ’ కేటగిరీ.

ఆ వారమే మా తెలుగు సంఘం సెక్రటరీ విశ్వనాథంగారు ఆసుపత్రికి వచ్చారు. డివిజన్ ఆఫీసులో హెడ్ క్లర్కు, సభలంటే ప్రాణం.

“సిస్టరుగారూ, ఆదివారం లైబ్రరీ హాల్లో పైడయ్యకి సన్మానం. సన్మానపత్రం మీరే రాసి చదవాలి. కాలేజీ చదువు మన క్వార్టర్ల లైన్లలో ఇంకెవరికుంది?”

“మొన్నటిదాకా ఆ చదువు చదివి కట్లు కట్టడమేమిటన్నారు మీరూ.”

“అచ్ఛా, ఇప్పుడా మాటలెందుకండీ! రాసేయండి, బస్, అంతే. శత్రువుల్ని చెండాడాడనీ అదీ…”

“చెండాడలేదు, బొగ్గు వేశాడు.”

“బొగ్గంటే జనం చప్పట్లు కొడతారేటి?”

అదీ విశ్వనాథంగారి లెక్కలో వీరత్వం. నేను ఆయన్ని దులిపి పంపాను గాని, రాసిన పత్రంలో నేను మాత్రం తక్కువ తిన్నానా? ‘మృత్యువు గర్జించినా చెవినపెట్టని ధీరుడు’ అని రాశాను. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు కాలతాయి.

శనివారం పొద్దున్న ఓపీ తలుపు తీసేసరికి పైడయ్య మెట్లమీద కూచుని ఉన్నాడు. పక్కన భార్య నరసమ్మ, ఏడ్చిన మొహంతో.

“సిస్టరమ్మా, మళ్లీ చూడాల నా సెవులు. ఈపాలి ఊర్ల పేర్లు ఒద్దు.”

“ఈయన మాటలు ఇనకండమ్మా” అంది నరసమ్మ. “రాత్రి నుంచీ ఇదే గోల. పాసైపోనాడు కదా, మరేటి?”

“నువ్వుండవే. అమ్మా, ఊర్ల పేర్లు నాను ఇన్లేదు, మీ వరస షెడ్డులో అందరికీ తెలుసు. గోడమీద మీ నీడ వంగేది, ఆగేది. ఆగినప్పుడల్లా తరవాతి టేసను సెప్పేసినాను.”

కూర్చోమన్నాను. ఎదురుగా కూర్చుంటే అతనికి మాట అందుతుంది. సగం చెవితో, సగం నా పెదవులు చూసి. గుసగుస, ఈల లాంటి సన్నటి చప్పుళ్లు మాత్రం పూర్తిగా పోయాయి. గార్డు ఈల అసలే వినిపించదట.

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“ఇంజనమ్మా” అన్నాడు. అంతకంటే వేరే కారణం ఉంటుందా అన్నట్టు చూశాడు.

“మరి ఇవాళ ఎందుకు చెబుతున్నావు?”

బుధవారం అతన్ని మళ్లీ అలవాటు కోసమని ఒక గూడ్సు ఇంజను ఎక్కించారు. ఇంజను మీద ఒక పద్ధతుంది. సిగ్నలు దగ్గర పడగానే డ్రైవరు తనకు కనబడింది గట్టిగా చెబుతాడు, ఫైర్‌మేను తలెత్తి చూసి తిరిగి చెప్పాలి. ఒకడి కన్ను తప్పితే రెండోవాడి కన్ను పట్టుకోవడానికి. చాంపా ముందు పైడయ్య వంగి బొగ్గు వేస్తున్నాడు. డ్రైవరు గొంతు కదలడం కొనకంటితో చూశాడు. అక్కడ ఎప్పుడూ ఉండే మాటే అనేశాడు: “రైట్!” డ్రైవరు అన్నది “డేంజర్” అని. అతను బండి ఆపి నవ్వాడట, యుద్ధం ఇంకా బుర్రలోంచి దిగలేదురా నీకు అని.

“ఆయన సూసినాడు గాబట్టి సరిపోయింది. ఆయన సూడని దినాన?”

“ఆయన ఎప్పుడూ సూస్తాడు” అంది నరసమ్మ. “ముప్పై ఏళ్ల సర్వీసు. నువ్వేటి సెయ్యక్కర్లేదు, బొగ్గేసుకో. సిస్టరమ్మా, నాలుగేళ్లు ఒక్కదాన్నీ ఉన్నాను. ఇంజను మీదకి ఎక్కించుకుంటారనే కదా నమ్ముకున్నాం. ఇప్పుడు సెవిటోడని రాసేస్తే షెడ్డులో ఈ మొహం ఎవులు సూస్తారు?”

 నేను నాకు తెలిసిన పని చేశాను. అతన్ని గోడవైపు తిప్పి, కళ్లు మూసుకోమని, ఇరవై అడుగులు వెనక్కి నడిచాను. గుసగుసగా ‘మెంతికూర’ అన్నాను. పలకలేదు. ‘గొడుగు’ అన్నాను. ‘కత్తెర’. ‘తాళం’. తలుపు దగ్గర నరసమ్మకు అన్నీ వినిపిస్తున్నాయి. ప్రతి మాటకూ ఆమె పెదవులు కదిలాయి. గోడవైపు తిరిగి ఉన్న మనిషి మాత్రం, ఇంకా నేను మొదలుపెట్టలేదనుకుని, ఓపిగ్గా నిలబడే ఉన్నాడు.

నేను వెళ్లి భుజం తట్టాను. మొహం చూసి అర్థం చేసుకున్నాడు.

“బాంబుల నాడే పోయాయా?” అని అడిగాను.

“మొదటి బాంబుకే పోనాయి. ఆ తరవాత అన్నీ వదిలేసి గోతుల్లో దూకమని ఆర్డరు ఇచ్చినారంట. నాకు ఇనబళ్లేదు. తిరిగి సూస్తే డ్రైవరు లేడు, గార్డు లేడు. బయమేసి ఇంజను లాగించేసినాను. పారిపోడానికే తల్లీ! ఎనకాల వేగన్లు తగిలించి ఉన్నాయి, అవీ ఒచ్చేసినాయి. ఆపీసరు సేయి కలిపి ఏదో అన్నాడు. అదీ ఇనబళ్లేదు. తల ఊపినాను.”

నవ్వాలో వద్దో తెలియలేదు. అతనే నవ్వాడు, నరసమ్మ కూడా చెంగు అడ్డం పెట్టుకుని.

డాక్టరుగారి గదిలోకి ఇద్దరం వెళ్లాం. ఆయన బెంగాలీ, తక్కువ మాట్లాడతారు. పైడయ్య సంగతి చెప్పి, నైలా సంగతి కూడా చెప్పాను. చెప్పకపోయినా పైడయ్య బయటపెట్టేవాడు కాదు. కాని పక్కన అతను అన్నం పెట్టే పనిని వదులుకుని నిలబడి ఉంటే, నేను నా టిక్కును దాచుకోవడం ఎంత చిన్నతనం!

“సిస్టర్,” అన్నారాయన కళ్లద్దాలు తీసి, “ఇన్నేళ్లూ మీరు చెవులు పరీక్షించారా, టైమ్‌టేబులు పరీక్షించారా?”

“టైమ్‌టేబులే, డాక్టర్ బాబూ.”

యుద్ధం నుంచి వచ్చిన ఇంజను మనుషులందర్నీ మళ్లీ పిలిచాం. ఇంకో ఇద్దరు ఆగిపోయారు. ఈవిడ నోటికి లైన్లన్నీ చాల్లేదు, ఇప్పుడు చెవుల మీద పడిందని తిట్టుకున్నారు. తిట్లు తినవలసిందాన్నే. నా ఫైలులో మందలింపు కాగితం ఒకటి చేరింది. పైడయ్యకు సి కేటగిరీ వచ్చింది.

ఆ శనివారం సాయంత్రమే విశ్వనాథంగారు ఆయాసపడుతూ వచ్చారు. “రేపు సభ పెట్టుకుని ఇదేటండీ! చెవిటివాడని తెలిస్తే జనం ఏమనుకుంటారు? ఆ సంగతి సభలో ఎత్తకండి. మీ పత్రం చదివేయండి, బస్.”

“చదవను. తప్పు రాశాను.”

“వీరుడు కాడంటారా అయితే?”

“వీరుడే. నేను రాసిన దానికి కాదు.”

ఆదివారం హాలు నిండింది. నేను పత్రం పక్కన పెట్టి, ఇతను శనివారం మా ఆసుపత్రికి తనంతట తాను వచ్చి ఏం చేశాడో చెప్పాను. నా టిక్కు సంగతీ కలిపి.  విశ్వనాథంగారు కంగారుగా దండ వేసి, రెండు ముక్కలు మాట్లాడమని పైడయ్యకు సైగ చేశారు.

“ఆర్డరు ఇనబడుంటే నానూ గోతిలో దూకెద్దును” అన్నాడు పైడయ్య. “అంతే బాబూ.”

హాలంతా గొల్లున నవ్వింది. ఎంత వినయమో అని చప్పట్లు మొదలెట్టారు. నిజం చెప్పిన మనిషిని వినయవంతుడని మెచ్చుకుని ఆ నిజాన్ని అవతల పారేయడం మనవాళ్లకు సులువు. ఆ చప్పట్లు అతనికి ఎంతవరకు అందాయో తెలియదు. జనం వైపు చూడకుండా నా వైపు చూశాడు, అయిపోయిందా అన్నట్టు. ఇంకా లేదని తలూపాను. సరేనని దండ సర్దుకుని నిలబడ్డాడు. ముందు వరసలో నరసమ్మ తలెత్తుకునే కూర్చుంది.

ఇది జరిగి మూడేళ్లయింది. పైడయ్య స్టేషను లాంప్ రూములో సిగ్నలు దీపాల అద్దాలు తుడుస్తాడు, వత్తులు కత్తిరిస్తాడు. ఆ పని గురించి మొదట్లో బాధపడ్డాడు, ఇప్పటికీ ఇంజను పోతుంటే పని ఆపి చూస్తాడు. బాధ పోయిందని రాస్తే నేను మళ్లీ సన్మానపత్రం రాసినట్టే.

యుద్ధంలో ఏం చేస్తే వీరుడవుతాడో నాకు తెలియదు. అక్కడ నేను లేను. ఉత్తరాలు రాసేవాళ్లలోనూ సగంమంది గోతిలోంచి చూసి రాసినవాళ్లే కావచ్చు. ఇక్కడ జరిగింది మాత్రం చూశాను. అక్కడ ఆర్డరు వినబడలేదు కాబట్టి అతను నిలబడ్డాడు. ఇక్కడ ఏం పోతుందో పూర్తిగా తెలిసీ, మెట్లమీద నా కోసం కాచుకుని కూర్చున్నాడు. వీరుడన్న మాటకు నేను తలవంచి ఒక టిక్కు పెడితే, ఆ టిక్కును కొట్టేయించినవాడు ఆ వీరుడే.

ఇప్పుడు నా జేబులో మాటల చీటీలుంటాయి. మనిషి మనిషికీ మారుస్తాను. కొత్తగా చేరిన నర్సులకు నేర్పేటప్పుడు, రెండో మాట చెప్పకుండా కాసేపు ఊరుకోమంటాను. ఎందుకని అడుగుతారు. ఏమీ చెప్పనప్పుడు “ఏమీ వినబడలేదు” అనగలిగిన మనిషి చెవిని నమ్మవచ్చు అంటాను.