లంకలో అమ్మ ఫోటో

నా ఫోన్‌లో మా లంక ఫోటోలు రెండొందల పైనే ఉన్నాయి. అమరావతి దగ్గర కృష్ణ మధ్యలో ఇసుక మేట మీద నిలిచిన ఊరు మాది. నలభై ఇళ్ళు, మిరప చేలు, రేకుల చర్చి, చుట్టూ నీళ్ళు. పడవలో మనుషుల మధ్య ఇరుక్కున్న మోటార్ సైకిల్, పొద్దున్నే మంచులో ఏరు ఈదే గేదెలు, కల్లంలో ఎర్రగా పరిచిన కాయలు, అన్నీ తీశాను. బళ్ళో పాఠాలు చెప్పుకునే నాకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో గాని, ఉద్యోగం చేసే నల్లపాడు నుంచి సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఫోన్ పట్టుకుని తిరిగేదాన్ని. "ముందు అన్నం తిని ఏడువే, ఏరెక్కడికీ పోదు" అనేది అమ్మ. ఆ మాటన్న అమ్మే నిరుడు పోయింది. ఇప్పటికీ పడవ దిగగానే రేవు గట్టు మీద ఆమె కోసం చూస్తాను.

ఏడాది జ్ఞాపకార్థ కూడికకు చర్చిలో అమ్మ ఫోటో పెట్టాలి. వెతికితే ఒక్కటీ సరైనది లేదు. పెళ్ళి ఫోటో వరదకు పోయింది. ఆధార్ కార్డులో ఉన్నావిడ పోలీసుల్ని చూసి బెదిరినట్టుంది, ఆమెను నేనెరగను. నాకు లంకలో తిరిగే మా అమ్మ కావాలి. ఇసుకలో వాలిన కొంగకు ఇరవై ఫోటోలు తీసినదాన్ని, కన్నతల్లికి ఒక్కటి తీయలేకపోయానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

చివరికి ఒకటి దొరికింది. కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళ ఫోటో. మిరప ఘాటుకు అందరూ చీరల మీద మొగుళ్ళ పాత చొక్కాలు తొడుక్కుని, ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకున్నారు. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. అయినా మధ్యలో ఉన్న నీలం గళ్ళ చొక్కాను చూసి గుర్తుపట్టాను, అది నాన్నది. కింద అంచున నీడ పడి ఫోటో చెడింది. ఆ అంచును కత్తిరించేసి, ఆ ఒక్క మనిషినీ గుంటూరులో పెద్దది చేయించి ఫ్రేము కట్టించాను. ఆ కళ్ళు చూసుకుంటూ బస్సులో ఏడ్చాను కూడా.

కూడిక రోజు పొద్దున చర్చిలో బల్ల మీద పెట్టి బంతిపూల దండ వేశాను. అమ్మతో పాతికేళ్ళు కూలికి వెళ్ళిన పక్కింటి పిన్ని వచ్చింది. కళ్ళు చికిలించి చూసి, నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఏమే, బతికుండగానే నాకు దండేశావా?"

ఒక క్రిస్మస్‌కు ఇద్దరూ ఒకే తానులో గుడ్డ తీసుకుని మొగుళ్ళకు చొక్కాలు కుట్టించారట. వచ్చినవాళ్ళంతా నవ్వు ఆపుకోలేకపోయారు. నాకూ నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. కన్నతల్లిని పోల్చుకోలేని కూతురు ఎక్కడైనా ఉంటుందా?

"మరి అమ్మ ఏది పిన్నీ? ఆ రోజు కల్లంలోనే ఉందిగా?" అంటూ ఫోన్‌లో అసలు ఫోటో తీసి చూపించాను.

పిన్ని చూడను కూడా చూడలేదు. "ఇందులో ఎందుకుంటుందే? ఎండకు ఫోన్‌లో ఏమీ కనపడట్లేదని నువ్వు చిరాకుపడితే, ఏరేది వదిలేసి వచ్చి నీ వెనక నుంచుంది. ముఖాన తువ్వాలు విప్పి నీ నెత్తిన పట్టుకుంది. ఆ ఘాటుకు ఒకటే తుమ్ములు. కదలకే అమ్మా, ఫోటో చెడుతుందని నువ్వు వెనక్కి తిరక్కుండానే కసిరావు. మర్చిపోయావా?"

అప్పుడు పట్టించుకుని ఉంటే కదా మర్చిపోవడానికి. ముఖానికి ఏ గుడ్డా లేకుండా అమ్మ నా వెనకే ఉంది. ఒక్కసారి తిరిగి ఉంటే సరిపోయేది.

వేలితో ఫోటోను కింద అంచుకు జరిపాను. ఎర్రటి కాయల మీద నా నీడ. దాని వెనక, రెండు చేతులతో గుడ్డ ఎత్తి పట్టుకున్న ఇంకో నీడ. నేను కత్తిరించి పారేసింది దాన్నే.