ఎడ్లు గుంజిన పెళ్లికారు

ఆ రోజుల్లో మా చొప్పదండి దిక్కు పల్లెల్లోకి కారు వచ్చిందంటే జాతర వచ్చినట్టే. దూరాన దుమ్ము లేస్తే చాలు, చేలలో ఉన్నవాళ్లు కొడవళ్లు కింద పెట్టి నిలబడి చూసేవాళ్లు. అట్లాంటి కాలంలో మా ఊరి నుంచి కారెక్కి అత్తవారింటికి పోయిన మొదటి పెళ్లికూతుర్ని నేను. (పోయిన తీరు మాత్రం మా మనవరాళ్లకు ఇన్నేళ్లూ చెప్పలేదు. "కారులనే పోయినవా అమ్మమ్మా" అని అడిగితే "ఆ, కారులనే పోయిన" అని ఊరుకునేదాన్ని. అందులో అబద్ధమేమీ లేదు.) నాది వానాకాలం చదువు, పెద్దగా రాయడం రాదు. కానీ సిగ్గుపడ్డ సంగతులు మాత్రం మనిషికి ఎందుకో ఎక్కువ కాలం గుర్తుంటాయి.

నన్ను చేసుకున్నాయన ఆదిలాబాదులో ఒక పత్తి మిల్లు సేటు దగ్గర డ్రైవరు. అత్తవారిల్లు చొప్పదండిలో, మాకు రెండు కోసుల దూరం. సేటు కొత్త కారు కొనుక్కుని పాతదాన్ని మిల్లు పనులకు పెట్టాడట. పెళ్లికని ఈయన బతిమాలితే, "తీస్కపో. ఎల్లుండి పొద్దుగాల్ల మిల్లు ముంగట కారుండాలె. లేకపోతే నువ్వు గూడ రావొద్దు" అని తాళంచెవి చేతిలో పెట్టాడట. ఒక తలుపుకు గడియ లేక తాడు కట్టి ఉండేది, సీటులోంచి కొబ్బరిపీచు బయటికి తొంగిచూసేది, అయినా ఈయన దాన్ని సొంత బిడ్డలాగా చూసుకునేవారు. పెళ్లికి ముందురోజు, ఎదుర్కోళ్ల నాటి సాయంత్రమే వచ్చి మా కల్లం దగ్గర ఆపి, ముందరి మూత ఎత్తి, నూనెగుడ్డతో లోపలంతా తుడిచారు. నేను తడక సందులోంచి చూశాను. (పెళ్లికొడుకును చూడొద్దన్నారు గానీ కారును చూడొద్దని ఎవరూ అనలేదు.)

పెళ్లి నిమ్మళంగానే అయిపోయింది. పెళ్లికొడుకు చెప్పులు దాచిపెట్టి, ఏదో ఒకటి ఇస్తేనే తిరిగి ఇవ్వడం మరదళ్ల హక్కు. మా ఇంట్లో ఆ హక్కు మా చెల్లెది. దాన్ని అందరం పిడుగు అనేవాళ్లం. అయితే ఆయన అక్క, అంటే మా వదినె, అంతకంటే గట్టిది. తమ్ముడి చెప్పులను తువ్వాలలో చుట్టి పెళ్లి అయ్యేదాకా వాటి మీదే కూర్చుంది. భోజనాలకు కూడా లేవలేదు, విస్తరి అక్కడికే తెప్పించుకుంది. పిడుగు పందిట్లో అటూ ఇటూ తిరిగి తిరిగి ఎటో మాయమైంది.

అప్పగింతల వేళ నన్ను కన్న అవ్వ నా ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోసింది. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు పెట్టింది. పిడుగు కూడా ముందుకొచ్చి ఒక దోసెడు పోసి, నన్ను గట్టిగా వాటేసుకుంది. తరవాత అవ్వ కొంగు ముడేసింది. ఆ ముడి అత్తవారింట్లో దేవుడి ముందు తప్ప మధ్యలో ఎక్కడా విప్పకూడదు. ఒక్కసారి బండెక్కిన పిల్ల మళ్లీ కిందికి దిగి పుట్టింటి గడప తొక్కకూడదు. ఇక ఏడుపు మొదలైంది. మా పెద్దమ్మ ఏడుపుకు చుట్టుపక్కల ఊళ్లలో పేరుండేది. ఆమె రాగం తీస్తే పనిమీద పోయేవాళ్లు కూడా ఆగి కళ్లు తుడుచుకునేవాళ్లు. నన్ను వెనక సీట్లో వదినె పక్కన కూర్చోబెట్టారు. బాపు కిటికీలోంచి తలమీద చెయ్యి పెట్టాడు. ఊరంతా గొల్లుమంది. ఆయన ముందు సీట్లో కూర్చుని మీట నొక్కారు. కారు గుర్‌ర్‌ర్ అని మూలిగి ఊరుకుంది.

ఏడుపు ఆగింది. ఆయన మళ్లీ నొక్కారు. కారు మూలిగింది, ఏడుపు అందుకుంది. కారు ఆగింది, ఏడుపు ఆగింది. ఇట్లా కొంతసేపు నడిచాక పెద్దమ్మ ముక్కు తుడుచుకుని మా బాపుతో అన్నది: "నిలవడి ఏడ్వంగ ఏడ్వంగ కాళ్లు గుంజుతున్నయ్ మరిదీ. నేను అరుగు మీద కూసుంట. బండి సురువైనంక పిలువు, వచ్చి ఏడుస్త."

నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామని తల వంచాను, పెదవి కొరికాను, ఒడిలో బియ్యం గట్టిగా పట్టుకున్నాను. ఎంత ఆపినా ముక్కులోంచి బుస్సున వచ్చేసింది. వదినె నా ముసుగు ఎత్తి చూసి, మెల్లగా మళ్లీ దించింది. తిట్టినా బాగుండేది.

బయట వైద్యం జరుగుతోంది. మా మేనమామ కారు చుట్టూ తిరిగి, "ఎద్దు లేవకుంటె తోక మెలేస్తం. దీనికి తోకేడుంది అల్లుడా" అన్నాడు. ఆయన సీటు కింది నుంచి ఇనుప హ్యాండిలు తీసి, "గిదే మామా, దీని తోక ముంగట ఉంటది" అని ముందు భాగంలో దూర్చి తిప్పసాగారు. కొత్త పట్టుపంచె మోకాళ్లపైకి ఎగగట్టి, బాసింగం నుదుటి నుంచి చెవిమీదికి జారగా, చెమటకు కల్యాణతిలకం కారుతుండగా తిప్పారు. పెట్రోలు గొట్టం నోటితో పీల్చి తుపుక్కున ఉమ్మారు. తీగలు ఒకటొకటే ఊడదీసి అతికించారు. "ఆ తీగలన్ని దూరిన నల్లబుర్ర గూడ తీసి చూడరాదు బిడ్డా" అని బాపు అన్నాడు. "దాన్ని నిన్ననే సాఫ్ చేసి పెట్టిన మామా, దానికి ఫికర్ లేదు. పెట్రోలే పైకి వస్తలేదు" అన్నారు ఆయన. ఇంతలో పిడుగు వచ్చి కొంగు నడుముకు చెక్కుకుని నిలబడింది. "బావా, చెప్పులైతె దొరకలే గని నీదింకోటి దొరికింది. ఏమిస్తవో చెప్పు, అప్పుడిస్త" అంది. "పరాచికాలకు గిదేనా యాళ్ల? జర పక్కకు జరుగు మరదలా" అని కసిరారు ఆయన. దాని మూతి ముడుచుకుపోయింది. "అడుగుతవులే" అని వెళ్లి పెద్దమ్మ పక్కన కూర్చుంది.

మగవాళ్లంతా కలిసి కారును నెట్టారు. నేను దిగకూడదు కాబట్టి నన్నూ కలిపే నెట్టారు. కల్లం వాలులో కొంత దూరం జోరుగానే పోయింది. ఆడవాళ్లు హారతి పళ్లేలతో, ఏడుపుతో వెనకాల ఉరికారు. వాలు అయిపోగానే కారు బురదగుంటలో గేదె లాగా ఆగిపోయింది. పొద్దు వాలుతోంది. ఆయన నావైపు ఒకసారి చూసి తల దించుకున్నారు. ఆ చూపులో ఆదిలాబాదు మిల్లు గేటు కనబడింది నాకు.

చివరికి బాపు ఎడ్లను తోలుకొచ్చి మోకుతో కారుకు కట్టాడు. మేనమామ ములుగర్ర పట్టుకుని కారు ముందరి మడ్‌గార్డు రెక్కమీద కూర్చున్నాడు. ఆయన చక్రం పట్టుకుని కూర్చున్నారు. ఆ కారులో హారన్ ఒక్కటే బతికి ఉంది. అలవాటుకొద్దీ ఆయన మలుపు దగ్గర దాన్ని మోగిస్తే ఎడ్లు బెదిరి పక్కనున్న మక్కచేనులోకి లాక్కుపోయాయి. (అక్కడ కంకులు విరుస్తున్న ఒకామె, "పెండ్లికూతురు చేను చూడవచ్చింది" అని అరిచింది. ముసుగులోనే చచ్చిపోతే బాగుండుననిపించింది.) దారి పొడుగునా ఒడిలో ఏదో గట్టిది తొడకు గుచ్చుకుంటూనే ఉంది. మా అవ్వ ఎంత ముదురు పసుపుకొమ్ము పెట్టిందో అనుకుని సర్దుకుని కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు చేరాము. అత్తమ్మ హారతి పళ్లెంతో గడపలో నిలబడి, ముందు ఎడ్లనే చూసి, "కారన్నరు, బండి పంపిండ్రా" అంది. ఆయన లోపలికి రాలేదు, మళ్లీ మూత ఎత్తి కారులో తల దూర్చారు. నన్ను దేవుడి ముందు కూర్చోబెట్టి ఒడి విప్పించారు. బియ్యం చాటలోకి జారాయి. కుడుకలు జారాయి. వాటితోపాటు బొటనవేలంత నల్లటి ముక్క, నెత్తిమీద ఇత్తడి రేకుతో, నూనె జిడ్డుతో టపుక్కున పడింది. చుట్టూ ఉన్న బియ్యం నల్లబడ్డాయి.

"గిదేంది?" అంది అత్తమ్మ.

"మందు" అంది వదినె. "పిలగాన్ని గుప్పిట్ల పెట్టుకొనుడుకు పెట్టిండ్రు. నేను చెప్పలేదా అవ్వా, అప్పగింతలల్ల నవ్విందని. గిందుకే నవ్వింది."

గుమ్మంలో నీళ్లు తాగుతున్న మా మేనమామ చెంబు కింద పెట్టాడు. "మేము మందులు పెట్టేటోళ్లమా? ఎడ్లు ఇంక ఇప్పలే. మా పిల్లను మల్ల ఎక్కించుకపోత" అన్నాడు. అత్తమ్మ ఆపలేదు, రమ్మనలేదు, ఆ ముక్కనే చూస్తూ నిలబడింది. ఒక్క పూటలో పెళ్లయి, ఊరేగి, వాపసు పోయేదాన్ని అయ్యాను కదా అనుకున్నాను. ఎవరో పోయి ఆయన్ని పిలుచుకొచ్చారు. మోచేతుల దాకా మసితో వచ్చి, చాటలోకి వంగి చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"మందు కాదు, గిది బండి నల్లబుర్రల తిరిగే రోటరు, గిది లేకుంటె బండి సురువు కాదు" అన్నారు, ఎవరికీ వినబడకపోతే బాగుండునన్నట్టు. "పెండ్లింట్ల పోరగాండ్లు బండి కదిలిస్తరని రాత్రి నేనే పీకి అంగి జేబుల వేసుకున్న. మళ్ల పెట్టుడు మర్చిన. ఒడిలకెట్ల వచ్చిందో నాకెరుక లేదు." తీసుకుని బయటికి నడిచారు.

కాసేపటికి వాకిట్లో కారు ఒక్క తిప్పుకే అందుకుని బుర్రుబుర్రుమంది. అప్పగింతల నుంచి ఆ చప్పుడు వెంట ఏడుపు వినడమే అలవాటైన నేను, నాకు తెలియకుండానే బావురుమన్నాను. "ఏడ్వాల్సినప్పుడు నవ్వింది, నవ్వాల్సినప్పుడు ఏడుస్తున్నది. గీ పిల్ల కత ఉల్టా ఉన్నది" అంది వదినె. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు వెనక నవ్వు నాకు కనబడింది.

ఒడిబియ్యం పారబోయకూడదు. కడిగి కడిగి వండారు, చుట్టాలందరూ తిన్నారు. బెల్లం అన్నంలో యంత్రం నూనె వాసన వచ్చింది గానీ ఎవరూ నోరెత్తలేదు. ఆయన సేటు చెప్పిన వేళకు ముందే మిల్లు చేరారు. నేను మొదటిసారి పుట్టింటికి పోయినప్పుడు పిడుగు చెవిలో గుసగుసగా అడిగింది, "బావ అత్తరు బుడ్డి నీ ఒడిల వేసిన గద, అడిగిండా?" కొయ్యకు తగిలించిన ఆయన అంగీ జేబులో దొరికిందట దానికి. ఎవరూ ముట్టని చోటు ఒడిబియ్యమేనని అందులో దాచిందట.

ఆ తరవాత ఆయన కారు నడిపినన్నాళ్లు, రాత్రి ఎక్కడ ఆపినా ఆ ముక్క పీకి నాకే ఇచ్చేవారు. "పట్టు, నీ దగ్గరనే పదిలం" అనేవారు. నేను కొంగున ముడేసుకునేదాన్ని, నా చీరలన్నిటికీ అంచున ఒక నల్ల మరక ఉండేది. ఇప్పుడు ఆయనా లేరు, కొత్త కార్లలో ఆ ముక్కే ఉండదని మనవడు అంటాడు. మొన్న వాడి కారు నన్ను ఎక్కించుకుని గుర్రుమని మొరాయించింది. వాడు ఫోన్లో ఎవరినో పిలుస్తున్నాడు. నేను మాత్రం ముందుగా కొంగు తడుముకున్నాను. ఏమీ లేదు. ముసుగు కింద పెదవి కొరుక్కుంటూ, మా అవ్వ పసుపుకొమ్మును తిట్టుకుంటూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి ముక్కులోంచి బుస్సున నవ్వు వచ్చింది. పక్కన చూసుకున్నాను. ముసుగెత్తి చూడడానికి వదినె లేదు.