జారుడుబల్ల కింద పుస్తెలు

మా ఆయన రామలింగేశ్వరరావుకున్న పిచ్చి గురించి చెప్పాలంటే ముందు నా కోపం కాస్త చల్లారాలి. ఇన్నేళ్లయినా అది చల్లారేలా లేదు కాబట్టి కోపంతోనే చెబుతాను.

మేముండేది పరాయి దేశంలో. వారమంతా ఆయన లెపర్డ్స్‌టౌన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. శనివారం వచ్చిందంటే చాలు, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చివర పళ్లెంలాంటిది బిగించిన కర్ర ఒకటి పట్టుకుని పిల్లల పార్కుకి బయల్దేరతారు. దాన్ని మెటల్ డిటెక్టర్ అంటారు. ఉయ్యాలలూగే పిల్లల జేబుల్లోంచి, బెంచీల మీద కూర్చున్న వాళ్ల జేబుల్లోంచి జారిపోయిన నాణేలు వెతకడం ఆయనకి సరదా. దొరికిన చిల్లరంతా షాపులో కౌంటర్ మీదుండే ఛారిటీ డబ్బాలో పడేస్తారు. ఆ సంగతి మనకి తెలుసు, చూసేవాళ్లకి తెలియదు కదా! మొదటి ఏడాది మా ఎస్టేటులో, అంటే మా ఇళ్ల కాలనీలో, ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "అంకుల్ జాబ్ పోయిందా ఆంటీ?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అవి ఊరు ఊరంతా కంపెనీలతో ఉబ్బిపోతున్న రోజులు. ఒక ఆఫీసు లేస్తే దాని వెనక ఒక ఎస్టేటు లేచేది, ప్రతి ఎస్టేటులోనూ ఒక జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు, కిందంతా చెట్ల బెరడు ముక్కలు. ఏ వారం చూసినా మన వాళ్లు ఇద్దరో ముగ్గురో కొత్తగా దిగేవారు. ఈ దేశంలో భూమిలోని పాత వస్తువుల కోసం ఇలాంటి మిషన్‌తో వెతకడం నేరం. ఒకసారి గార్డ్స్ కారు వచ్చి ఆయన పక్కనే ఆగడం కిటికీలోంచి చూశాను. పోలీసులు! ఈయనేమో తాపీగా ఎస్టేటు వాళ్ల అనుమతి కాగితం చూపించి, నిరుడు పోసిన మట్టి ఇది, పోయిన చిల్లర తప్ప పాతదేమీ వెతకను అని చెప్పారట. ఆ పోలీసతను "గ్రాండ్" అని, అంటే ఇక్కడి వాడుకలో సరేనని, వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ పూట అన్నం తినలేదు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. పిల్లలు తలకిందులుగా వేలాడే కమ్మీల కిందే నాణేలు ఎక్కువ రాలతాయంటారు. చాక్లెట్ కాగితానికీ సన్నటి బంగారానికీ ఈ మిషన్ ఒకలాగే కూస్తుందట. మిగతావాళ్లు ఆ కూత వినగానే చెత్తలే అని దాటేస్తారట. ఈయన ప్రతి చాక్లెట్ కాగితాన్నీ తవ్వుతారు. తాళంచెవులు, చెవి దుద్దులు, ఉంగరాలు ఏవైనా దొరికితే మా తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడతారు. ఫోటోలో కనపడని గుర్తు ఒకటి చెబితేనే వస్తువు ఇస్తారు. ఇంటికొచ్చినా టెస్టర్ బుద్ధి పోదు.

ఆ మే నెలలో ఒక శనివారం ఆయన పార్కు నుంచి వచ్చి సింకు దగ్గర ఏదో కడుక్కుంటున్నారు. నేను టీ పెడుతున్నాను. నా ఫోను మోగింది. తెరిచి చూస్తే మా వంటింటి గుడ్డ మీద, తెగిన బంగారు గొలుసు, నల్లపూసలు, రెండు పుస్తెలు! కింద ఆయన రాత: "మన ఎస్టేటు పార్కులో జారుడుబల్ల కింద దొరికాయి. పోగొట్టుకున్నవారు గుర్తులు చెప్పి తీసుకోగలరు." చివర ఒక నమస్కారం బొమ్మ.

పాలు పొంగిపోతున్నా చూడలేదు.

"ఏమండీ! ఏం చేశారండీ మీరు?"

"ఏం చేశాను? మొన్న తాళంచెవులు దొరికితే పెట్టలేదా?"

"తాళంచెవులూ పుస్తెలూ ఒకటేనా మీకు? అత్తలు, ఆడపడుచులు, వాళ్ల వేలువిడిచిన చుట్టాలు అందరూ ఉన్న గ్రూపు అది. అందులో ఏ ఆడది లేచి, నా పుస్తెలు పోయాయి అని చెబుతుంది? మొగుడికి ఏదో మూడిందని అందరూ మొదలెట్టరూ?"

ఆయన తడి చేతులు తుడుచుకున్నారు. "ఎవరిదో బంగారం కదా, పాపం వెతుక్కుంటూ ఉంటారనీ..." అన్నారు.

తీసెయ్యమన్నాను. తీసేశారు. కానీ అప్పటికే ఫోటో ఊళ్లు తిరిగేసింది. దేశం ఆ చివర స్లైగోలో ఉండే మా గ్రూపు డాక్టర్ నీలిమ ఫోన్ చేసి, "కమలక్కా, ఎవరివో తెలిసిందా?" అని అడిగింది. ఈలోగా గ్రూపు పెద్ద సుందరరామయ్య గారు ఇంత పొడుగు మెసేజ్ పెట్టారు. ఇది మహా అపశకునం, ఆ ఇల్లాలు బయటపడితే శాంతి చేయిద్దాం, మనలో ఇప్పటికే ఒక కుర్రాడు ఆసుపత్రిలో ఉన్నాడు, అని.

ఆ కుర్రాడు అభిజిత్. మా రెండిళ్ల అవతల ఉంటాడు. అంతకుముందు మంగళవారం ఆఫీసులో మాట్లాడుతూ మాట్లాడుతూ కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లిందట. బోమాంట్ ఆసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషన్ చేశారు గానీ ఇంకా తెలివి రాలేదు. ముప్పై నాలుగేళ్లు నిండలేదు, నాలుగేళ్ల కూతురు. అతని భార్య ఊర్మిళ, పాలకొల్లు నుంచి వచ్చిన అతని తల్లి దేవకుమారి గారు వంతులవారీగా ఆసుపత్రిలో కూర్చుంటున్నారు. అతని కోసం ఆదివారం మా ఇంట్లో మృత్యుంజయ జపం పెట్టుకున్నాం.

ఆ శనివారం సాయంత్రం చారన్నం పట్టుకుని ఊర్మిళ వాళ్లింటికి వెళ్లాను. దేవకుమారి గారు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంట్లో వెచ్చగా ఉన్నా ఊర్మిళ మెడకి స్కార్ఫ్ చుట్టుకునే ఉంది. జలుబేమో అనుకున్నాను. పాప లోహిత నా ఒళ్లో కూర్చుని అన్నం తింటూ, ఇక్కడి పిల్లల యాసలో, "ఆంటీ, మమ్మీ హాస్ జింజర్ ఆన్ హర్ నెక్" అంది.

నాకు అర్థం కాలేదు. మెడలో అల్లమేమిటి? నవ్వుతూ ఊర్మిళ వైపు చూశాను. దాని ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. అప్పుడు వెలిగింది. అల్లం కాదు, పసుపుకొమ్ము. పుస్తెలు లేని మెడ బోసిగా ఉండకూడదని కట్టుకునే పసుపుకొమ్ము.

ఊర్మిళ నా చేతులు గట్టిగా పట్టుకుంది. "అక్కా, నీకు దణ్ణం పెడతాను, మా అత్తయ్య గారికి చెప్పకు. మంగళవారం జారుడుబల్ల మీద ఇది దిగనని మొండికేసి నా గొలుసు పట్టుకుని లాగింది. మెడ చురుక్కుమంది. చూసుకునేలోపు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. పరిగెత్తాను. ముందు తాడు తెగిందక్కా, తర్వాతే ఫోనొచ్చింది. నేనే చేశాను ఆయన్నలా."

"నోర్ముయ్. పిచ్చి వాగుడు వాగకు. ఇప్పుడే తెచ్చి ఇస్తానుండు."

"వద్దక్కా! అందరూ ఫోటో చూశారు. రేపు నా మెడలో అవే కనపడితే? పోనీ అందరినీ వదిలెయ్యి, ఆవిడ కన్నకొడుకక్కా ఆ మంచం మీదున్నది. ఆవిడకి నా ముఖం ఎలా చూపించను?"

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. మనిషి మెట్ల మీద కూలబడిపోయారు. "చప్పుడు చెయ్యకుండా ఇచ్చేద్దాం" అన్నారు.

"ఇచ్చేస్తే రేపు సుందరరామయ్య గారు అడుగుతారు, ఎవరికిచ్చావని. ఏం చెబుతారు?"

ఏం మాట్లాడతారు? ఎయిర్‌పోర్టులో ఎవరూ అడక్కపోయినా కస్టమ్స్ వాళ్లని పిలిచి, మా సంచీలో నెయ్యి డబ్బా ఉందని చెప్పి పారేయించిన మహానుభావుడు. అబద్ధమాడమంటే ఆయనకి చెమటలు పోస్తాయి. నేను ఆడతానంటే పక్కనే నిలబడి ముఖంతో పట్టించేస్తారు. నా ఖర్మ అనుకున్నాను.

ఆదివారం అందరూ వచ్చారు. మామూలుగా గొలుసు జాకెట్లోకి తోసేసుకునే ఆడవాళ్లు కూడా ఆ రోజు పుస్తెలు చీర మీదకి తీసి వేసుకొచ్చారు. ఒకళ్ల మెడ ఒకళ్లు చూసుకోవడమే సరిపోయింది. నాకు చిర్రెత్తుకొచ్చింది, కానీ ఏమనగలను? నాదీ పైకే ఉంది. భర్త పేరు మీద సంకల్పం చెప్పుకోవాలి కాబట్టి ఊర్మిళ రాక తప్పలేదు. స్కార్ఫ్ కప్పుకుని ముందు వరసలో కూర్చుంది. దేవకుమారి గారు, భర్త పోయినావిడ కదా, ఎవరూ చెప్పకుండానే వెనక గోడకి జారబడి కూర్చున్నారు.

హారతి అయింది. సుందరరామయ్య గారు కళ్లకద్దుకుని, "రావుగారూ, ఆ పుస్తెల సంగతి తేలిందా?" అన్నారు.

"నా... నా దగ్గరే ఉన్నాయండీ" అన్నారు మా ఆయన. చెవులు ఎర్రబడిపోయాయి.

"ఎవరో గానీ దాచుకోవడం తప్పు. తన మెడలోది కాపాడుకోలేని మనిషి ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరు చెప్పగలరు?"

అప్పుడొకావిడ, పేరు చెప్పను, తియ్యగా నవ్వుతూ, "ఊర్మిళా, ఇంత ఉక్కలో ఆ స్కార్ఫ్ ఎందుకమ్మా? తీసెయ్" అంది.

ఊర్మిళ చెయ్యి మెడ మీదకి పోయింది. అక్కడే ఉండిపోయింది. ఒక్కొక్కరూ అటు తిరగడం మొదలెట్టారు.

"అవి నావండి."

వెనక నుంచి వచ్చింది ఆ మాట. దేవకుమారి గారు గోడ పట్టుకుని లేచి నిలబడ్డారు.

"మా ఆయన పోయేక తీసిన పుస్తెలండి. కరిగించేయమన్నారు. నాకు మనసొప్పలేదు. ఎక్కడికెళ్లినా నా కూడా తెచ్చుకుంటాను. పిల్లని ఆడించడానికి వెళ్లినప్పుడు కొంగున ముడేసుకున్నాను, జారిపోయేయి. ఈ వయసులో పుస్తెలు పోయేయని చెప్పుకోడానికి సిగ్గేసి ఊరుకున్నానండి."

సుందరరామయ్య గారి నోరు తెరుచుకునే ఉంది. "అంటే మీరు... భర్త పోయాక కూడా ఒంటి మీద..." అని ఏదో అనబోయి ఆగిపోయారు.

అప్పుడు మా ఆయన నోరు విప్పారు. "గుర్తేమైనా చెప్పగలరా అండీ?"

నిజంగా చెబుతున్నాను, హారతి పళ్లెం విసిరికొడదామనిపించింది. నిన్న నేను చెప్పిందంతా విని కూడా గుర్తులడుగుతాడా మనిషి! కానీ దేవకుమారి గారు తొణకలేదు.

"ఒక పుస్తెకి వెనకాల నొక్కు ఉంటాదండి, గోరంత. కంసాలి సుత్తి జారింది. మళ్లీ చేస్తానన్నాడు, ముహూర్తం దగ్గరకొచ్చేసిందని నేనే వద్దన్నాను. దగ్గర కూర్చుని చేయించేను కాబట్టి తెలుసు."

రెండు పుస్తెల్లో ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. ఊర్మిళ పెళ్లికి అత్తింటి పుస్తె చేయించింది ఈవిడే. ఫోటో చూసిన క్షణంలోనే ఆవిడకి తెలిసిపోయి ఉంటుంది, అవి ఎవరివో.

మా ఆయన లోపలికెళ్లి స్టీలు డబ్బా తెచ్చారు. అందరి ముందూ పుస్తె తిరగేసి చూశారు. గుర్తు సరిపోయింది, అయినా అవి ఎవరివో ఆయనకి తెలుసు. గొంతు సవరించుకుని, గదంతా వినపడేలా, "సరిపోయిందండీ. ఇవి దేవకుమారి గారివే" అన్నారు. రెండు చేతులతో ఆవిడకి అందించారు. పాతికేళ్ల కాపురంలో ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అది.

జనం గుసగుసలాడుకుంటూ వెళ్లిపోయారు. చెప్పులు వేసుకుంటూ ఆ తియ్యటి నవ్వావిడే, "మొగుడు పోయినా మోజు పోలేదు చూడండి" అనడం దేవకుమారి గారి చెవిన కూడా పడింది. ఆవిడ తల కూడా తిప్పలేదు.

వంటింట్లో మేం నలుగురం మిగిలాం. దేవకుమారి గారు నన్ను దారప్పోగులడిగి, పసుపు రాసి, పుస్తెలు రెండూ ఎక్కించారు. ఊర్మిళ స్కార్ఫ్ ఆవిడే తీసేశారు. ఊర్మిళ ఆవిడ కాళ్ల మీద పడిపోయి, "ముందు ఇవి తెగాయి అత్తయ్యా, తర్వాతే ఫోనొచ్చింది. నా వల్లే" అని ఏడుస్తోంది. మా ఆయన గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటున్నారు. అభిజిత్ కళ్లు తెరిచి పాపని పేరు పెట్టి పిలవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఆ మధ్యాహ్నం అతను బతుకుతాడో లేదో ఆ తల్లికీ తెలియదు.

ఆవిడ కోడలి భుజాలు పట్టుకుని లేపి, మెడ వెనక ముడి వేస్తూ అన్నారు.

"మీ మావయ్య పోయిన రోజున నా పుస్తెలు ఎక్కడున్నాయనుకున్నావే? నా మెడలోనే ఉన్నాయి. ఆ పొద్దున్నే పసుపు రాసి, కళ్లకద్దుకుని మరీ వేసుకున్నాను. ఆయన ఆగేరా?"