అరవై నాలుగున్నర సెంటీమీటర్లు

2024 జూన్ 13, గురువారం, ఉదయం పదకొండు దాటి పది నిమిషాలు. ఆపా నా కారు వెనక తలుపు పట్టుకుని కుడి కాలు ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. మూడోసారి ప్రయత్నించలేదు.

"ఇయ్యాల నువ్వే పోయిరా, నక్షమ్మా. లారీలు నా కోసం ఆగుతయా ఏంది," అని నవ్వి, గోడ పట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. నేనూ వెళ్లలేదు. కారును మళ్లీ షెడ్డులో పెట్టేశాను.

ఆపా ఇల్లు మా వీధిలోనే, నా ఇంటికి మూడోది. ఆమె భర్త అల్లం వ్యాపారి, చాలా ఏళ్ల కింద పోయాడు. నాకంటే నాలుగేళ్లు పెద్దది, అందుకే ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. నేను ముప్పై ఒక్క ఏళ్లు సర్వే ఆఫీసులో పనిచేసి ఊళ్ల నక్షలు గీశాను కాబట్టి నన్ను నక్షమ్మ అనేది. నేను ఒక్కదాన్నే ఉంటాను. ప్రతి గురువారం ఇద్దరం చిరాగ్‌పల్లి వైపు వెళ్లి, హైవే పక్కన చాయ్ హోటల్ ముందు గంటసేపు కూర్చునేవాళ్లం. దూరాన లారీ కనబడగానే అది ఏ రాష్ట్రపు బండో ఆపా చెప్పాలి. దగ్గరికి వచ్చాక నేను నంబరు చూసి తప్పో ఒప్పో రాసుకోవాలి. ముంబై నుంచి వచ్చే లారీని దాని ముందు కట్టిన నల్లదారాల కుచ్చులు చూసి పట్టేది. తప్పయితే నా కళ్లద్దాలు మార్చుకోమనేది. వారంలో మిగతా ఆరు రోజులు నేను మాట్లాడే మాటలు పాలాయనతో, కూరగాయలామెతో. వాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ గురువారాలు పోకూడదని నా పట్టుదల.

తప్పు బండి ఎత్తులో ఉంది. లారీల పక్కన నడపడానికి భయపడి నేను కావాలనే ఎత్తు బండి కొన్నాను. పీట వేసి చూశాం. పీట మీద ఒంటికాలిపై నిలబడేసరికి ఆపాకు వణుకు వచ్చింది. కారు సీటు నేల నుంచి డెబ్బై సెంటీమీటర్లు. ఆపా వంటింట్లో ఉన్నప్పుడు ఆమె ఇనుప మంచాన్ని పరుపుతో కలిపి కొలిచాను. అరవై నాలుగున్నర. ఆ మంచం మీద ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కూర్చుంటుంది, లేస్తుంది. అంటే తగ్గవలసింది అయిదున్నర సెంటీమీటర్లు.

హైవే మీద ఒక మెకానిక్ ఉన్నాడు. కుర్రకారు బండ్లను నేలకు దించి ఇస్తాడని పేరు. నేను వెళ్లి విషయం చెబితే నవ్వాడు.

"అమ్మా, గిది పోరగాండ్ల షోకు. మీకెందుకు?"

కొలతలు రాసుకున్న నోట్‌బుక్ చూపించాను. చదివి, నవ్వు ఆపి, స్టూలు వేశాడు. పొట్టి స్ప్రింగులు, వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లు వేస్తే నలభై మిల్లీమీటర్లు దిగుతుందన్నాడు. స్ప్రింగును అంతకంటే పొట్టి చేస్తే గుంతల్లో షాక్ అబ్జార్బర్లు కొట్టుకుంటాయి. మిగతా పదిహేను టైరులో తగ్గాలి. పక్క గోడ తక్కువగా ఉండే టైరు వేస్తే బండి ఆ మేరకు దిగుతుంది. కానీ ఆ టైరు కొంచెం వెడల్పు, దానికి వెడల్పు రిమ్ము కావాలి. అతని దగ్గరున్న రిమ్ము పాతదాని కంటే అర అంగుళం వెడల్పు. అందులో సగం, ఆరు మిల్లీమీటర్లు, బయటికి వస్తుంది. పైగా ఆ చక్రం బిగించే చోటు వేరు కావడంతో మొత్తం చక్రమే మరో పది మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. ఆరూ పదీ పదహారు.

ఇంటికి వచ్చి గ్రాఫ్ కాగితాలు అతికించి చక్రాన్ని అసలు కొలతలో గీశాను. పైన కారు రేకు అంచు, కింద టైరు, మధ్యలో ఖాళీ. ఎన్నో ఏళ్ల తర్వాత పెన్సిల్ చెక్కుకున్నాను. ఆరు రోజులు పట్టింది. టైరు అంచు రేకు లోపలే ఉంటుంది. పైన ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. మెకానిక్ కాగితాన్ని గోడకు ఆనించి చూసి, తన షెడ్డుకు వచ్చే ఒక్కడు కూడా ఇంత పని చేయలేదన్నాడు. నాకు ఆ మాట బాగా నచ్చింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

జూలై 4, గురువారం. ఆపా తలుపు తెరిచి, వెనక్కి తిరిగి, మంచం మీద కూర్చున్నట్టు సీటు మీద కూర్చుంది. కాళ్లు రెండూ ఒకేసారి లోపలికి తిప్పుకుంది. చేత్తో సీటు అంచును తడిమింది.

"బండిని నా కోసం కోసినవా?" అంది తర్వాత.

"కొయ్యలేదు ఆపా. దించిన."

ఆర్టీసీ బస్టాండు దాటాక మొదటి స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే ఎడమ వెనక చక్రం దగ్గర గర్రుమని చప్పుడైంది. రెండో దాని దగ్గరా అదే.

"నా మోకాలు గాదు గద?" అంది ఆపా.

నవ్వి ఊరుకోవలసింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఖాళీ బండికి లెక్క కట్టానని, ఆమె బరువు లెక్కలో వేయడం మరిచానని, కూర్చున్న వైపు బండి దిగి టైరు రేకుకు రాసుకుంటోందని. అద్దంలో చూస్తే ఆపా సీటు మధ్యకు జరుగుతోంది. ఆ రోజు ముప్పై ఏడు లారీల దగ్గరే ఇంటికి పోదామంది.

మెకానిక్ చక్రం విప్పి టైరు భుజం మీద గీత చూపించాడు. వెనక ఎంత బరువు పడుతుందో అందాజాగా చెప్పమన్నాడు. అందాజా నాకు చేతకాదు. మనిషి కాలువ గట్టు ఎక్కడుందో చెయ్యి చాపి చూపిస్తే నేను ఏనాడూ గీత గీయలేదు, కొలిచే గొలుసు వేయించాకే గీశాను.

జూలై 11, గురువారం. వెళ్లే దారిలో, ఆపా భర్త ఒకప్పుడు వ్యాపారం చేసిన అల్లం దుకాణం ముందు బండి ఆపాను. బస్తాలు తూచే అక్కడి కాంటాను చూపించి, ఈ ఊళ్లో నిజం చెప్పే కాంటా అదొక్కటేనని ఆయన బతికున్నప్పుడు అనేవాడు. అందుకే అక్కడ ఆపాను. బస్తాలు మోసే హమాలీలు ఆపాను గుర్తుపట్టి సలాం చేశారు. ఆమె అద్దం దించి అందరి ఇళ్ల సంగతులూ అడిగింది. నేను దిగి ఆమె వైపు తలుపు తెరిచి, జర కాంటా మీద నిలబడమన్నాను. పరాచికం అనుకుని నవ్వింది. తర్వాత నా చేతిలోని నోట్‌బుక్‌ను, మూత తీసిన పెన్నును చూసింది.

"నన్ను అల్లం బస్తా లెక్క తూకమేస్తవా?" నెమ్మదిగా అడిగింది. "గింత మంది ముంగట?"

"ఒక్క నిమిషం, ఆపా. అంకె దొరికితే చాలు."

"అంకె నీకు కావాలె. నాకు బయటికి పోవుడు కావాలుండె."

హమాలీల్లో ఒకడు నవ్వు ఆపుకోవడానికి మొహం తిప్పుకున్నాడు. ఆపా తలుపు తనే వేసుకుంది. అక్కడినుంచి ఇంటి దాకా రెండు కిలోమీటర్ల మూడు వందల మీటర్లు. బండిని ఇంటి వైపే తిప్పాను. బండి దిగేటప్పుడు కూడా ఆమెకు ఎవరి చెయ్యీ అవసరం కాలేదు.

అంకె లేదని మెకానిక్‌కు చెప్పాను. మంగళవారం అతను రేకు లోపలి అంచును వేడి చేసి, తొమ్మిది మిల్లీమీటర్లు లోపలికి మడిచాడు. బరువుకు మరీ అణగకుండా స్ప్రింగు చుట్ల మధ్య ఒక రబ్బరు పట్టీ పెట్టాడు. గంటన్నరలో అయిపోయింది. వెనక సీట్లో ఇద్దరు మనుషులను కూర్చోబెట్టి గుంతల్లో తిప్పాడు. చప్పుడు లేదు.

"మరి బరువు?" అన్నాను.

"బరువుతోని ఇగ పనేముందమ్మా? ఎవలు కూసున్నా తగలది."

గురువారం పదకొండుకు ఆపా ఇంటికి వెళ్లాను. ఎప్పుడూ వంటింట్లో ఆమె పక్కన కూర్చుని స్టీలు గ్లాసులో చాయ్ తాగేదాన్ని. ఆ రోజు ముందు గదిలో కుర్చీ చూపించి, కప్పూ సాసరూ పెట్టి, పళ్లెంలో బిస్కెట్లు తెచ్చింది. చప్పుడు పోయిందని చెప్పాను. మంచిదైందంది. తప్పు నాదని చెప్పాను. అట్లాంటిదేం లేదంది. మోకాలు బాగా లేదని, ఇంట్లోనే హాయిగా ఉందని చెప్పి, ఇంకో బిస్కెట్ తీసుకోమంది. తర్వాత మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ కప్పూ సాసరే. నాలుగోసారి వెళ్లలేదు.

ఒక్కదాన్నే ఒకసారి హైవే దాకా వెళ్లి కూర్చున్నాను. ముందే చెప్పే మనిషి లేకపోతే నంబరు చూసి రాసుకోవడానికి ఏమీ ఉండదు. వచ్చేశాను.

ఈ రోజు 2025 ఫిబ్రవరి 27, గురువారం. పోయినవి:

బండి ఎత్తు, యాభై అయిదు మిల్లీమీటర్లు. ఎడమ వెనక టైరు భుజం మీద రబ్బరు, పదకొండు సెంటీమీటర్ల పొడవున, రెండు మిల్లీమీటర్ల లోతున. రేకు అంచు, తొమ్మిది మిల్లీమీటర్లు. జూలై 18 నుంచి గురువారాలు, ముప్పై మూడు. చూడని లారీలు, గురువారానికి సగటున అరవై రెండు చొప్పున, రెండు వేల నలభై ఆరు. మనుషులు, ఒకరు.